ఒక చొక్కా తక్కువ

ఆ ఏడు ఉగాది వెళ్ళిన వారానికి నా చేతిలో ఉన్నవి చెబుతాను. బెళుగుప్ప బస్టాండు వెనక ఒక అద్దె గది. గదిలో ఒక ఇనప పెట్టె, కొక్కేలకు ఇస్త్రీ చేసిన ఆరు చొక్కాలు. సంతలకు తిరగడానికి ఒక మోపెడ్, దాని వెనక కట్టుకునే రేకు డబ్బా. డబ్బాలో దువ్వెనలు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, వాటి పక్కన నాలుగు డజన్ల టీ ట్రీ ఆయిల్ సీసాలు. అనంతపురం పాతూరులో నేను సరుకు తెచ్చుకునే ఆయన అంగడి ఎత్తేస్తూ, అడిగిన సబ్బులు లేవని వీటిని అంటగట్టాడు. బొటనవేలంత గోధుమరంగు గాజు సీసా, మూత కింద చుక్క చుక్కగా పడే బిరడా.

ఇవి కాక ఇంకొకటి ఉంది. మా అత్త మారెక్క ఇచ్చిన మాట.

"జూన్‌లో బడి తెరిచేలోపల పాప దానంతకు అది నీ బండి ఎక్కిందంటే తీసుకొని పో కేశవా. నేను అడ్డం రాను. ఎత్తి కూర్చోబెట్టి పంపీమంటే మాత్రం నాతో కాదు" అంది.

పాప అంటే నా కూతురు చౌడేశ్వరి. నా భార్య హేమావతి పోయినప్పుడు దానికి నాలుగేళ్ళు. ఇప్పుడు ఏడు నిండాయి. ఆ మూడేళ్ళూ నేను సంతల్లో ఉన్నాను, అది అవ్వ, తాతల గొర్రెల మందలో పెరిగింది. పండక్కో ఊరి దేవర జాతరకో పోయి ఒక గౌను ఇచ్చి వచ్చేవాణ్ణి. నేను తెచ్చిన గౌనులన్నీ దానికి పొట్టివే అయ్యేవి. నా లెక్కలో అది నాలుగేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

వేసవిలో మంద ఒక చోట ఉండదు. శనగకాయలు పీకేసిన చేలల్లో రైతులు ఎరువు కోసం గొర్రెల్ని ఆపించుకుంటారు. నాలుగు రోజులు ఒకరి చేను, నాలుగు రోజులు ఇంకొకరిది. ఆదివారం పొద్దున మా మామ కొండప్పకు ఫోను చేసి, మంద ఎవరి చేలో ఉందో కనుక్కుని పోవాలి. బడి తెరవడానికి నా దగ్గర పది ఆదివారాలు ఉన్నాయి.

మొదటి ఆదివారం ఒక సీసా జేబులో వేసుకుని పోయాను. చేను నడుమ వల చుట్టి కట్టిన దొడ్డి, పక్కన టార్పాలిన్ కప్పిన చిన్న గుడిసె. మారెక్క గుడిసె ముందు కూర్చుని కాలివేళ్ళ సందులు గోక్కుంటోంది. గొర్రెల ఉచ్చలో తిరిగి తిరిగి ఆ సందులు తెల్లగా పాచిపోయాయి.

"కాళ్ళు చాపత్తా, మందు తెచ్చినా. టీ చెట్టు నూనె."

"అల్లుడి ముందర కాళ్ళు చాపల్లనా? ఊర్లో నవ్వరా?"

"ఊరు యాడుండాది ఈడ? గొర్రెలే కదా."

"గొర్రెలైతే నవ్వవనుకున్నావా?" అంటూనే చాపింది. సీసా మూత తియ్యగానే తల వెనక్కి తీసుకుంది. "ఏందప్పా ఈ ఘాటు? టీ పొడి నూనె అంటివే!"

"మనం తాగే టీ చెట్టుది కాదత్తా. వేరే దేశంలో ఇంకో చెట్టు. దాని ఆకుల్ని ఉడకబెట్టి ఆవిరి పట్టి తీస్తారు. ఉత్తది పూస్తే మంట. నాలుగు చెంచాల కొబ్బరినూనెలో పది చుక్కలు కలిపి పూయల్ల. నోట్లోకి మాత్రం పోకూడదు."

కలిపి చూపించాను. చుక్కలు గట్టిగా లెక్కపెట్టాను, దొడ్డి దగ్గర నిలబడ్డ నా కూతురికి వినబడాలని. నేను సరుకు అమ్మే మనిషిని. కొనేవాళ్ళు ఎంత దూరంలో నిలబడ్డారో చూస్తే బేరం సంగతి తెలిసిపోతుంది. చౌడేశ్వరి ఇరవై అడుగుల దూరంలో, ఒళ్ళంతా మచ్చలున్న ఒక ముసలి పొట్టేలు మెడ చుట్టూ చెయ్యి వేసి నిలబడింది.

"రామ్మా, రిబ్బన్లు తెచ్చినా" అన్నాను.

అది గౌను అంచు ఎత్తి ముక్కు మూసుకుంది. "అవ్వా, నాయన ఆసుపత్రి వాసన వస్తాండాడు."

నూనె రాసుకుంటున్న మారెక్క చెయ్యి ఆగింది. నా వైపు చూడకుండా అంది: "ఇరవై దినాలు ఉంటిమి కదప్పా ఆడ. దాని తల్లి మంచం కిందనే పండుకునేది ఇది. ఆడ నేల తుడిచినప్పుడంతా ఇట్లే ఘాటుగా వచ్చేది."

రిబ్బన్లు అత్త చేతికిచ్చి వచ్చేశాను.

సరుకు మాత్రం పోతోంది. ఉరవకొండ సంతలో, కళ్యాణదుర్గం సంతలో గోనెపట్ట పరిచి, ఒక గిన్నెలో కొబ్బరినూనె పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తలలో చుండ్రు ఉన్నవాళ్ళు, బూట్లు విప్పితే ఇంట్లోవాళ్ళు బయటికి పరుగెత్తే వాసన ఉన్న డ్రైవర్లు, మొటిమలకు రహస్యంగా అడిగే కాలేజీ పిల్లలు, బండలు తుడిచే బకెట్లో ఎన్ని చుక్కలు వెయ్యాలని అడిగే ఆడవాళ్ళు. పక్కన టీ బండి పెట్టే రామాంజులుతో ప్రతి సంతలోనూ గొడవ.

"నీ సీసా మూత పెట్టప్పా కేశవన్నా! టీ చెట్టు అంటావు, నా టీని చెడగొడతాండావు. పొద్దున్నుంచి ముగ్గురు వాసన చూసి కప్పు ఆడనే పెట్టి పోయినారు."

"నీ టీకి వాసన ఉంటే కదా నాది చెడగొట్టేది."

"అది సరే. ఇంటికాడ బొద్దింకలుండాయి, పోతాయా?"

"పోతాయి. పిల్లికి, కుక్కకు మాత్రం తగలనీకు, వాటికి పడదు."

బొద్దింకల మాట రాగానే నా గదిలో ఇనప పెట్టె గుర్తొచ్చింది. అందులో హేమావతి చీరలు రెండు, తను చలికాలం కప్పుకునే నల్ల కంబళి ఉన్నాయి. నెలకొకసారి మూత తెరిచేవాణ్ణి. తాకేవాణ్ణి కాదు, మూత తెరిచి కాసేపు ముందు కూర్చునేవాణ్ణి. ఆముదం, ఉన్ని, పొయ్యి పొగ కలిసిన వాసన ఒకటి వచ్చేది. మూత వెంటనే మూసేసేవాణ్ణి, ఎక్కువసేపు తెరిస్తే అయిపోతుందని. ఆ రాత్రి సంత నుంచి రాగానే, పురుగు చేరి వాటిని కొరికేస్తుందేమోనన్న భయంతో దూదికి ఈ నూనె తడిపి పెట్టె నాలుగు మూలలా పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను. వారం తిరక్కుండా మూత తెరిచి చూస్తే నా సరుకు వాసన తప్ప మరేమీ రాలేదు. కంబళి మడతలోకి ముఖం పెట్టి చూశాను. అక్కడా నా సరుకే.

మూడో ఆదివారానికి ఇరవై అడుగులు పన్నెండయ్యాయి. ఐదో ఆదివారం మారెక్క ఫోనులోనే చెప్పింది: "పాప తల నిండా పేలప్పా. నీ నూనె తే."

"దానికి ఆ వాసన పడదు కదత్తా."

"గోక్కోని గోక్కోని నెత్తి పుండయింది. నేను చెప్పి ఒప్పించినా. వాసన గాలికి పోతాది, పేలు పోతాయా?"

కొబ్బరినూనెలో కలిపి ఇస్తే మారెక్కే రాసింది. నేను దువ్వెన అందించే దూరంలో కూర్చున్నాను. చౌడేశ్వరి కళ్ళు గట్టిగా మూసుకుని, ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని, "ఎన్ని పడినాయవ్వా? ఎన్ని?" అని అడుగుతూనే ఉంది. ఇరవై మూడు పడ్డాయి. ఆ లెక్క గట్టిగా చెప్పింది నేను. లెక్క వినగానే అది కళ్ళు తెరిచి నా వైపు చూసింది. మూడు అడుగులు.

ఆరో ఆదివారం దాటాక మా మామ కొండప్ప గట్టు దాటుతూ పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడో ఆదివారం నేను పోయేసరికి ఆయన కట్టు మార్పించుకోవడానికి ఊళ్ళోకి పోయాడు. మారెక్క బోరు దగ్గర నీళ్ళు పడుతోంది. గుడిసె నీడలో చౌడేశ్వరి ఒక్కతే వారం వయసున్న గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నల్లటి పిల్ల, నుదుట తెల్లటి బొట్టు. దాని పేరు చుక్క. తల్లి బొల్లి గొర్రె. తాత దాన్ని నా కూతురికే ఇచ్చేశాడు.

నేను బండి స్టాండు వేస్తుండగా అది తనంతట తనే పలికింది.

"నాయనా. చుక్కకు గోమార్లు పట్టినాయి. చెవుల్లో, మెడ కింద. రక్తం తాగుతాండాయి. నీ కాడ నూనె ఉండాదా?"

మూడేళ్ళలో నా కూతురు నన్ను అడిగిన మొదటి సరుకు. లేదనగలనా?

కొబ్బరినూనె తెచ్చుకోలేదు. మారెక్క పొయ్యి దగ్గర శనగనూనె ఉంటే అరచేతిలోకి ఒంపుకుని, అందులో సీసా వంచాను. సంతల్లో జనానికి చెప్పే పది చుక్కలు ఆ రోజు లెక్కపెట్టలేదు. అది నా మోచేతికి తగిలేంత దగ్గర కూర్చుని, "ఈడ కూడా నాయనా, ఈడ కూడా" అని వేలితో చూపిస్తుంటే చెవుల నుంచి తోక దాకా రాసేశాను. సగం సీసా అయిపోయింది. గోమార్లు నిజంగానే రాలాయి. చౌడేశ్వరి వాటిని ఏరి రాయి కింద నలిపింది. నేను ఆ సాయంత్రం బెళుగుప్ప దాకా పాట పాడుకుంటూ వచ్చాను. మూడు ఆదివారాలు మిగిలుండగానే బేరం కుదిరిందనుకున్నాను.

సోమవారం తెల్లవారగానే కొండప్ప ఫోను.

"యాడుండావప్పా?"

"సంతకు పోతాండా మామా."

"సంత ఈడనే ఉండాది, రా. బొల్లి పిల్లను దగ్గరకు రానీలేదు. రాత్రినుంచి కుమ్మి కుమ్మి పెడతాండాది."

పోయేసరికి చుక్క దొడ్డి మూలన ముడుచుకుని పడి ఉంది. కొండప్ప ఎడమ చేత్తో దాన్ని ఎత్తి తల్లి పొదుగు దగ్గర వదిలాడు. బొల్లి వెనక్కి తిరిగి, పిల్ల తోక దగ్గర ముక్కు పెట్టి మూచూసి, ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల పల్టీ కొట్టింది. పిల్లను పడేసి ఆ గొర్రె మంద అంతా తిరుగుతూ అరుస్తోంది. దాని బిడ్డ కోసమే అరుస్తోంది. బిడ్డ కాళ్ళ దగ్గరే ఉంది.

"గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినావు కదప్పా" అన్నాడు కొండప్ప. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "గొర్రె బిడ్డను కంటితో పట్టుకుంటాదా? ముక్కుతో పట్టుకుంటాది. ఈ మాట నీకు నేను చెప్పల్లనా? సంతల్లో తిరిగి తిరిగి నీ ముక్కు సచ్చిపోయింది."

"సీసా పాలు పట్టకూడదా మామా?"

"పట్టినాం. కడుపుబ్బింది. తల్లి పాలు లేకుంటే మూడు దినాలకు మించి బతకదు."

చౌడేశ్వరి ఎక్కడా కనిపించలేదు. మారెక్క గుడిసె వైపు గడ్డంతో చూపించింది. "లోపల ఉండాది. నువ్వు పోయేదాకా రాదంట."

"నేను పోనత్తా" అన్నాను.

మంచి మాటగా అనలేదు. మామకు చెయ్యి లేదు, అత్తకు బలం లేదు, గొర్రెను పట్టుకునే మనిషి కావాలి. చెడగొట్టిన సరుకును చెడగొట్టినవాడే బాగు చేసివ్వాలి. వ్యాపారంలో ఆ ఒక్క నీతి లేకపోతే రెండోసారి ఎవరూ గోనెపట్ట దగ్గరికి రారు.

కొండప్ప చెప్పినట్టే చేశాను. చుక్కను కుంకుడుకాయ నీళ్ళతో రెండుసార్లు కడిగి ఆరబెట్టాను. బొల్లిని పట్టుకోబోతే నన్ను చూసే బెదిరి పారిపోయింది.

"నువ్వే పెద్ద సీసాలాగుండావు" అన్నాడు కొండప్ప. "పో, బోరు కాడ మునుగు. ఆ ఇస్త్రీ చొక్కా ఉండాదే, దాన్ని విప్పి దొడ్డి మట్టిలో పొర్లించు."

"చొక్కానా మామా?"

"చొక్కాను పొర్లిస్తావా, నిన్ను పొర్లించల్లనా?"

గుడిసె లోపల్నుంచి చిన్నగా నవ్వు వినిపించింది. వెంటనే ఆగిపోయింది.

తెల్లటి గళ్ళ చొక్కా. పెంటికల్లో, తడిమట్టిలో పొర్లించి, పిండి, ఎండలో ఆరేసి మళ్ళీ తొడుక్కున్నాను. బొల్లి పాలు నాలుగు ధారలు పిండి ఉప్పు కలిపి చుక్క వీపుకు, తోకకు రాశాను. ఆ తల్లి పడుకున్న చోటి మట్టి తెచ్చి పైన చల్లాను. బొల్లి మెడను నా చంకలో ఇరికించి, వెనక కాలు ఒకటి పట్టుకుని కూర్చుంటే, మారెక్క పిల్లను పొదుగుకు తగిలించేది. మొదటి రోజు అది తన్నిన తన్నులు నా తొడ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఫోను మోగుతూనే ఉంది. రామాంజులు, "నీ చోట్లో గాజులాయన కూర్చున్నాడప్పా, లేపల్లనా?" అని అడిగాడు. కూర్చోనీ అన్నాను.

మే నెల మధ్య, చెట్టు లేని చేను. గొర్రెను చంకలో పెట్టుకుని కూర్చున్నవాడికి ఆలోచించడానికి చాలా తీరిక ఉంటుంది. పిల్లను పక్కనే పెట్టుకుని పిల్ల కోసం అరిచే ఆ గొర్రెకు, దూది పెట్టిన పెట్టె ముందు కూర్చున్న నాకు తేడా ఏమిటో ఎంత లెక్క వేసినా తేలలేదు.

రెండో రోజు సాయంత్రం చౌడేశ్వరి గుడిసె బయటికి వచ్చి నిలబడింది. నేను అడుగులు లెక్కపెట్టలేదు. గొర్రెను వదిలి తల తిప్పే వీలు లేదు.

"గట్టిగా పట్టుకోవద్దు. దానికి ఊపిరాడదు" అంది.

పట్టు సడలించాను.

"అమ్మ ఎట్ల పట్టుకునేది?" అని అడిగాను, నాకు తెలిసీ.

అది వచ్చి బొల్లి గడ్డం కింద గోకుతూ కూర్చుంది. గొర్రె కాలు తన్నడం మానేసింది. హేమావతి కూడా అలాగే గోకేది. చుక్క తోక ఆడిస్తూ తాగింది. అయినా వదలగానే బొల్లి మళ్ళీ కుమ్మింది.

మూడో రోజు మధ్యాహ్నం ఎప్పటిలాగే గొర్రెను చంకలోకి తీసుకోబోయాను. కొండప్ప ఆగమన్నట్టు కట్టు కట్టిన చెయ్యి ఎత్తాడు. బొల్లి చుక్క దగ్గరికి పోయి తోక కింద మూచూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గొంతులోపల ఒక మాదిరిగా గుర్రుమంది, కన్నప్పుడు పిల్లను పిలిచే ఆ చిన్న గుర్రు. పిల్ల వీపు నాకడం మొదలుపెట్టింది. మేం నలుగురం కదలకుండా నిలబడ్డాం. చుక్క ముందు కాళ్ళ మీద మోకరించి పొదుగు కుమ్మి తాగింది.

"దుడ్లిచ్చినా దొరకదప్పా ఈ శబ్దం" అన్నాడు కొండప్ప. అంతే. మారెక్క అన్నం వండడానికి పోయింది.

గురువారం పొద్దున బయల్దేరాను. మూడు రోజులు ఒంటి మీద నుంచి తియ్యని ఆ చొక్కా పాలు, ఉప్పు, మట్టి, చెమట పట్టి అట్టలా బిగిసింది. బండి తన్నబోతుంటే చౌడేశ్వరి వచ్చి డబ్బా పక్కన నిలబడింది. చుక్క దాని కాళ్ళ చుట్టూ తిరుగుతోంది.

"నాయనా, ఆ చొక్కా ఈడ పెట్టి పో."

"ఎందుకమ్మా?"

"చుక్కకు చలి. కప్పల్ల."

పొద్దున ఎనిమిది గంటలకే నేల కాలుతోంది. కొండప్ప తలగుడ్డ తడిపి నెత్తిన వేసుకుని ఉన్నాడు. నేను పదిహేనేళ్ళుగా సరుకు అమ్ముతున్నాను. పెళ్ళికూతురు తన కోసం అడగాల్సిన పౌడరు చెల్లెలికని అడుగుతుంది. అలాంటి బేరంలో మారుమాట అడక్కూడదు. సరుకు ఇచ్చేయాలి.

గుండీలు విప్పి ఇచ్చాను. అది చొక్కాను రెండు చేతులా తీసుకుని ఎదకు హత్తుకుంది. చుక్కకు కప్పలేదు. గుడిసెలోకి పట్టుకుపోయింది.

బెళుగుప్ప మెయిన్ రోడ్డు మీద బనియనుతో బండి నడిపాను. "ఏమప్పా కేశవా, బేరంలో చొక్కా కూడా పోగొట్టుకున్నావా?" అని హోటలు ముందు నుంచి ఒకడు కేకేశాడు. అవునన్నాను. గదికి పోయి పెట్టెలో నాలుగు మూలల దూది తీసి పారేసి, మూత తెరిచి ఎండలో పెట్టాను. ఆ ఘాటు పోతే దాని అడుగున ఇంకేమైనా మిగిలుంటుందేమోనని. ఇప్పటికీ రోజూ పెడుతున్నాను.

పదో ఆదివారం, బడి తెరవడానికి ముందు, స్టాండు వేసిన నా మోపెడ్ ఎక్కి చౌడేశ్వరి కూర్చుంది. హారను కొట్టి చుక్కను బెదిరిస్తోంది. మారెక్క నా పక్కకు వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అంది: "ఎక్కింది కదప్పా. నేను మాట తప్పను. తన్ను బండి."

తాళం చెవి నా చేతిలోనే ఉంది. మాట ప్రకారం సరుకు నాదే. పది వారాల కిందటైతే తన్నేవాణ్ణే.

"నిలబడిన బండి లెక్కలోకి రాదత్తా" అన్నాను.

అది దిగి గొర్రెల వెనక పోయింది. బడి తెరిచారు. ఇంకా రాలేదు.

నలభై ఎనిమిది సీసాల్లో నలభై మూడు అమ్ముడుపోయాయి. ఒకటి అత్త కాళ్ళకు, పాప తలకు అయిపోయింది. ఒకటి పెట్టెలో దూదికి, ఒకటి చుక్కకు. రెండు మిగిలాయి. వాటిని రామాంజులు టీ బండి కింద దాచి, ఆదివారం మందకు పోయే ముందు మోచేతుల దాకా మట్టితో తోముకుంటాను. ఉగాదికి నాకు ఆరు చొక్కాలు ఉండేవి. ఇప్పుడు కొక్కేలకు ఐదే ఉన్నాయి. ఆ వేసవిలో నాకు వచ్చింది ఆ ఖాళీ కొక్కెం. పొద్దున లేవగానే మొదట దాన్నే చూస్తాను.